ఒక గడ్డానికి చెల్లును

మా మేనమామది మూడు కుర్చీల మంగలి షాపు. వాళ్ళ తాతగారు పెట్టింది. ఆ రోజుల్లో ఎదురుగా ఉన్న నూలు మిల్లు కూలీల చేతిలో డబ్బు నిలిచేది కాదట. అందుకని జీతాల రోజునే వాళ్ళచేత డబ్బు కట్టించుకుని, తాతగారు రాగి బిళ్ళలు ఇచ్చేవారు. ఒకవైపు కత్తెర బొమ్మ, రెండోవైపు ‘ఒక గడ్డానికి చెల్లును’ అన్న అక్షరాలు. మిల్లు మూతపడ్డాక, తిరిగొచ్చిన బిళ్ళలు ఓ డబ్బా నిండా సొరుగులో ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం రిటైరైన లెక్చరర్ ఒకాయన వచ్చాడు. ఛాతీ దాకా గడ్డం. పాత నాణేలు, బిళ్ళలు సేకరించడం ఆయన పిచ్చి. ప్లాస్టిక్ కవరులోంచి ఓ రాగి బిళ్ళ తీసి, “వేలంలో కొన్నాను. నెల పెన్షన్ పోయింది. మీ షాపుదేనా?” అన్నాడు.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండువైపులా చూశాడు.

“మాదేనండీ. కూర్చోండి.”

కబుర్లకేమో అనుకుని ఆయన కూర్చున్నాడు. మావయ్య ఆయన మెడకు గుడ్డ కట్టాడు. సంగతి అర్థమయ్యాక లెక్చరర్ కాసేపు ఆలోచించి, బిళ్ళను నిజంగా వాడినవాడు తమ నాణేల సేకరణ సంఘంలో ఒక్కడూ లేడు కాబట్టి కానివ్వమన్నాడు. అరగంటలో పదిహేనేళ్ళ గడ్డం నేలమీద ఉంది.

“ఇక బిళ్ళ ఇప్పిస్తారా?” అన్నాడు బుగ్గలు తడుముకుంటూ.

“చెల్లిపోయింది కదండీ.”

“అది నాదండీ!”

“గడ్డం మళ్ళీ అతికించుకోండి, ఇచ్చేస్తాను.”

కొత్తగా బయటపడ్డ ముఖం ఎర్రబడింది. రెండు నెలల పెన్షన్ ఇస్తానన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. గడ్డం రేటు ముందే కట్టినవాళ్ళకు బిళ్ళ, అంతే. ఆయన ఆ రేటు కట్టి, బిళ్ళ పుచ్చుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళాడు.

వారం తిరక్కుండా సంఘం సంఘమంతా దిగింది. అదే రేటుకు తలా ఒకటి కొనుక్కుపోయారు. మా అత్తయ్య నెత్తీ నోరూ బాదుకుంది.

“వాళ్ళు ఒక్కోటి వేలకు అమ్ముకుంటారు, తెలుసా?”

“అమ్ముకోనీ. ముప్పై రెండు గడ్డాలు బాకీపడింది నేను.”

ఆ బాకీ ఆయన్ని తినేసింది. ఎవరైనా వస్తారేమోనని సెలవు రోజున కూడా షాపు తెరిచేవాడు. ఏళ్ళు గడిచినా బిళ్ళ పట్టుకుని ఎవరూ రాలేదు. చెయ్యి వణకడం మొదలయ్యాక, షాపు మూసేద్దామనుకుని సంఘానికి ఉత్తరం రాశాడు: బిళ్ళలు గలవారు నెలాఖరులోగా వచ్చి గీయించుకోవలెను.

ఒకే ఒకావిడ వచ్చింది, స్కూలు టీచరు. బిళ్ళ బల్లమీద పెట్టింది.

“ఉత్తరం చదివాక ఉండబట్టలేదండీ. కానీ నాకు గడ్డం లేదుగా.”

మావయ్య వీధిలోకి తొంగి చూశాడు.

“స్కూటరు మీద ఎవరు?”

“మా ఆయన.”

“పిలవండి.”

ఆయనకు రెండుచోట్ల గాట్లు పడ్డాయి. మావయ్య పటిక రాసి, కుర్చీ తుడిచి, చాలాకాలం తర్వాత ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాడు.