కుడివైపు గీత

నేను పళ్లు చేస్తాను. డాక్టర్లు కొలతలు పంపితే మైనంతో అచ్చు తీసి, ప్లాస్టర్‌లో పెట్టి, కట్టుడు పళ్లు తయారుచేసి పంపడం బళ్లారిలో నా ఉద్యోగం. ఆదివారాలు మాత్రం చిన్న చిన్న కార్లు చేస్తాను. అవే చేతులు, అదే మైనం, అదే ప్లాస్టర్. బాడీ పోసేది ల్యాబులో మిగిలిన చిగుళ్ల ప్లాస్టిక్‌తో కాబట్టి పెయింటు పడేదాకా మా కార్లన్నీ చిగుళ్ల రంగులోనే ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు నాలుకతో తమ పళ్లు ఒకసారి తడుముకుంటారు.

మేం నలుగురం. జీన్స్ ప్యాంట్లు కుట్టించే ఆయన ఒకరు. ఆయన వర్క్‌షాపు ఆదివారం మూసి ఉంటుంది, అదే మా అడ్డా. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపే ఆయన ఇంకొకరు. చక్రాలు, బంపర్లు ఆయన చేస్తాడు. నాలుగో ఆయన హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మేష్ట్రు. రంగులన్నీ ఆయనవి.

మేం చేసేవి రోడ్డు మీద తిరిగిన కార్లు కావు. ఎప్పుడో మా అమ్మ లంగా ఓణీ వేసుకునే రోజుల్లో, రాబోయే కాలంలో కార్లు ఇలా ఉంటాయి చూడండి అని పెద్ద కంపెనీలు ఎగ్జిబిషన్ కోసం ఒక్కొక్కటే చేసి, తర్వాత మూలన పడేసిన కార్లు. వాటికి చేప తోకలుంటాయి, విమానం ముక్కులుంటాయి, నెత్తిన గాజు బుడగ ఉంటుంది. రాబోయే కాలం వచ్చేసింది, ఆ కార్లు రాలేదు. దానికి బళ్లారిలో ఉన్న మీకేం బాధ అని అడిగితే ఇంకో కారు మొదలుపెడతాం.

మా కార్ల సీట్లన్నీ జీన్స్ గుడ్డవే. అసలు కారులో తోలు సీట్లు ఉండేవయ్యా అంటే, "తోలు యాడ తేవాలక్కా, మన ఊర్లో దొరికేది ఇదే గదా" అంటాడు జీన్స్ ఆయన. మొదటి కారుకు స్టీరింగు కుడివైపు పెట్టాం. అది స్టీరింగు ఎడమవైపు ఉండే అమెరికా బండి అని పూర్తయ్యాక గుర్తొచ్చింది. ఇప్పటికీ కుడివైపే ఉంది.

మాకున్నది ఒకే నియమం. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. చక్రం వంకరైతే అది క్రేను ఆయన వంకర, బాడీ సొట్టైతే అది నా సొట్ట. ఈ నియమం లేని రోజుల్లో ఒక హెడ్‌లైటు మీద మాటా మాటా పెరిగి, వేసవంతా ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చున్నాం.

ఈ ఏడాది తెల్ల కారు ఎత్తుకున్నాం. దొరికింది ఒకే ఫోటో, అదీ ఎడమవైపు నుంచి తీసింది. కుడివైపు ఎలా ఉండేదో చూసిన మనిషి మా జిల్లాలో ఉండడు. తెల్లటి ఒంటి మీద ముందు లైటు నుంచి తోక దాకా సన్నటి ఎర్ర గీత. ఆ కారు అందమంతా ఆ గీతే.

బళ్లారిలో తెల్ల రంగు వేయడం అంత తేలిక కాదు. గనుల దుమ్ము ఎర్రగా వచ్చి తడి పెయింటు మీద వాలుతుంది. అందుకని తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపి, ఏప్రిల్ ఎండలో నలుగురం ఆవిరి మీద ఇడ్లీల్లా కూర్చున్నాం. పూతకూ పూతకూ మధ్య తడిబట్టతో నేల తుడిచాం. చివరికి తెలుపు తెలుపుగానే నిలిచింది. ఇక మిగిలింది గీత. అది తప్పితే దిద్దే వీలు లేదు, ఎరుపు తుడిస్తే తెలుపంతా పాడైపోతుంది. టేపు అంటించుకుని వేయొచ్చు కదా అంటే మేష్ట్రు ఒప్పుకోరు. "టేపు పెట్టి వేసేది గీత కాదప్పా, పూత" అంటారు.

మేష్ట్రుకు చేతులు వణుకుతున్నాయని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు. టీ గ్లాసులో సగమే పోయమనేవారు, మేం సగమే పోసేవాళ్లం. గీత వేయాల్సిన ఆదివారానికి ముందు ఆయన భార్య నాకు ఫోను చేసింది.

"వారమంతా గోడకల్లా మొగం తిప్పి పండుకుంటాడమ్మా. అన్నం గూడా నేనే తినిపిస్తాండా. ఆదివారం వచ్చిందంటే మాత్రం లేసి, గుడ్డలు మార్చుకొని, మీ కాడికి వస్తాడు. ఆ గీత గూడా పోయిందంటే ఇంగ గడప దాటడు. నీకు చెప్తాండా, ఏం చేస్తావో నీ ఇష్టం."

నీ ఇష్టం అనడం సులభమే. మింగలేక కక్కలేక మిగతా ఇద్దరికీ చెప్పాను. గీతకు బదులు ఎర్ర దారం అంటిద్దామన్నాడు జీన్స్ ఆయన. ఆ మాట మేష్ట్రుతో నువ్వే చెప్పు అన్నాం. మళ్లీ దారం ఊసెత్తలేదు.

ఆదివారం మేష్ట్రు వచ్చారు. మోచేతిని టేబులుకు నొక్కిపెట్టి, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని బ్రష్ ఎత్తారు. లైటు దగ్గర గీత చక్కగానే మొదలైంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అలలు లేచాయి. తోక దగ్గర ఇంకా పెద్దవి. అయినా ఆయన ఆపలేదు, చివరిదాకా లాగారు. కాసేపు చూసి, "కుడిపక్కది వచ్చే వారం వేస్తా. ఈ పొద్దు చెయ్యి నొస్తాంది" అన్నారు. టీ తాగకుండానే వెళ్లిపోయారు.

మరుసటి వారం రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. ఫోను చేస్తే, "గోడకల్లా తిరిగి ఉండాడు" అంది ఆయన భార్య.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పళ్లలో ఒకటి వంకరగా ఉన్న మనిషికి దాని పక్క పన్ను కట్టాల్సి వస్తే తిన్నగా కట్టకూడదు. తిన్నగా కడితే సొంత పన్నే ఏదో తప్పు చేసినట్టు కనబడుతుంది. దాని వంకర చూసుకుని, కొత్తదానికి కూడా జతగా కొంచెం వంకర పెట్టాలి. అప్పుడే నోరు నోరులా ఉంటుంది. ఇది వాళ్లిద్దరికీ చెప్పాను. కుడివైపు గీతా అలాగే జతగా వేద్దాం, ఆ వైపు ఫోటో ఎలాగూ లేదు కదా అన్నాను.

"మన రూలు?" అన్నాడు క్రేను ఆయన.

"రూలు పెట్టినప్పుడు మేష్ట్రు బాగుండె గదప్పా" అన్నాడు జీన్స్ ఆయన.

వణకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పాత రేకు ముక్క మీద ముగ్గురం సాధన చేశాం. జీన్స్ ఆయన గీస్తే జాకెట్టు అంచుకు కుట్టే డిజైనులా ముచ్చటగా వచ్చింది. క్రేను ఆయన చెయ్యి ఎంత బతిమాలినా కదలలేదు. చివరికి ఎడమవైపు గీతను పలచటి కాగితం మీద దించుకుని, దాన్ని తిరగేసి, అలకు అల చూసుకుంటూ నేనే వేశాను.

సాయంత్రం కారును అట్టపెట్టెలో పెట్టుకుని మేష్ట్రు ఇంటికి వెళ్లాం. గడపలో కాలు పెడుతుండగా నాకు ఒక ఆలోచన వచ్చింది. వెక్కిరించామనుకుంటే? వణికే మనిషి ముందు వణికి చూపించడాన్ని ఇంకేమంటారు? వెనక్కి తిరిగేలోపే ఆయన భార్య మమ్మల్ని చూసింది.

ఆమె ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. మేష్ట్రు కారును ఒళ్లో పెట్టుకుని ఎడమవైపు చూశారు. తిప్పి కుడివైపు చూశారు. మళ్లీ ఎడమవైపు, మళ్లీ కుడివైపు. క్రేను ఆయన గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"ఎవరు వేసినారు ఇది?"

"నేనే మేష్ట్రే."

"తలుపు కాడ బాగుండాది. తోక కాడ నువ్వు బయపడినావమ్మా. ఆడ నాకు ఇంతకన్నా ఎక్కువ వణుకుతాది. రంగు తెచ్చినారా?"

ఎందుకైనా మంచిదని జీన్స్ ఆయన తెచ్చాడు. నేను కారును కదలకుండా పట్టుకున్నాను. మేష్ట్రు ఈసారి మణికట్టు పట్టుకోలేదు. చేతిని దాని ఇష్టానికి వదిలేశారు. తోక దగ్గర నేను భయపడి తగ్గించిన అలలన్నీ వచ్చి కూర్చున్నాయి. రెండు వైపులూ ఒకే మనిషి వేసినట్టు కుదిరాయి.

బ్రష్ నాకు ఇచ్చి, కారు వైపే చూస్తూ అన్నారు. "ఇంగ గీతలు నాతో కావమ్మా. వచ్చే బండికి నువ్వే వెయ్యి. నన్ను రావద్దని మాత్రం అనాకండప్పా."

క్రేను ఆయన, "ఎవరన్నారు మేష్ట్రే రావద్దని? మీరు లేకుంటే ఈ జీన్సాయన కారంతా ప్యాంటు గుడ్డతో కప్పేస్తాడు" అన్నాడు. మేష్ట్రు నవ్వారో లేదో నేను చూడలేదు. ఏడుపు తన్నుకొచ్చి, నీళ్లు తాగుతానని వంటింట్లోకి వెళ్లాను. ఆయన భార్య అక్కడే గోడకు ఆనుకుని ఉంది. తనూ నీళ్లు తాగడానికే వచ్చానంది.