గులాం అనిపించుకోకుండా కోరుట్ల దాకా

పెండ్లాం మాట దాటని మగవాణ్ని మా కోరుట్లలో "కొంగు పట్టుకొని తిరుగుతడు" అంటారు. జగిత్యాలలో ఉండే మా మేనత్త కొంచెం మర్యాదగా "ఆమె చెప్పుచేతల ఉంటడు" అనేది. నేను కాపురానికి వచ్చిన సిరిసిల్లలో ఇంత పొడుగు లేదు. ఒక్కటే మాట, గులాం. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో మనిషికి మనిషి వినపడాలంటే మాట పొట్టిగానే ఉండాలి కదా.

ఆ మాటంటే మా ఆయనకు లాఠీ దెబ్బ కన్నా భయం. నల్లా కాడ బిందె పట్టుకుంటే గులాం, పెండ్లాం చీర దండెం మీద ఆరేస్తే గులాం. ఆయన పనిచేసే సాంచాల కాడ పొద్దంతా ఇదే ముచ్చట. తెలంగాణ ఉద్యమం వచ్చాక అదే మాట మైకుల్లోకి కూడా ఎక్కింది. ఏ మీటింగులో చూసినా "గులాంగిరి ఇంకెన్ని రోజులు" అనేవారు. వాళ్లు తననే అంటున్నట్టు మా ఆయన తల దించుకునేవాడు.

ఆ యేడు సద్దుల బతుకమ్మ నాటికి సమ్మెతో బస్సులు బందై చాలా రోజులైంది. అంతకుముందు రెండేండ్లు కూడా పండుగకు పోలేకపోయాను. ఒకసారి అత్తమ్మకు జ్వరం, ఇంకోసారి నాకు. ఈసారి పొద్దు గూకకముందే మా అమ్మ వాకిట్లో బతుకమ్మ ఎత్తాలని పట్టు పట్టాను.

"నిన్ను బండి మీద ఏసుకొని నీ తల్లిగారింటికి పోతె సాంచాల కాడ నన్ను బతుకనిస్తరా?" అన్నాడు.

"బతుకనియ్యకపోతె కోరుట్లనే ఉందువు తియ్యి" అన్నాను.

బియ్యం చెరుగుతున్న అత్తమ్మ తలెత్తకుండానే, "తీస్కపోరా. పొద్దటి సంది గీమె మొకం సూడలేక సస్తున్న" అన్నది.

దోస్తు బండి అడిగి తెచ్చి, మూడు గంటలకు బయలుదేరదీశాడు. కథలాపూర్ దాటాక రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, పక్కన టెంటు, మైకు. రాస్తారోకో.

"ఏడికే అన్నా?" అని అడిగారు.

తల్లిగారింటికి అంటే వదిలేసేవారే. బతుకమ్మకు పోయే ఆడబిడ్డను ఆపే మొగోడు ఆ దినాల్లో లేడు. మా ఆయన మాత్రం గొంతు సవరించుకొని, "జగిత్యాల మీటింగుకు. నన్ను మాట్లాడుమన్నరు" అన్నాడు.

"అట్లయితె ఈడ గూడ రెండు ముక్కలు మాట్లాడే" అని మైకు చేతిలో పెట్టారు.

మొదట మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత సాంచాల మోత మీద అరిచి అలవాటైన గొంతు విప్పాడు. "ఇగ మనం ఎవలకు గులాంలం గాము. లెవ్వంటె లెవ్వము, కూసోమంటె కూసోము" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడేకొద్దీ ఆయన ఎత్తు పెరిగాడు. రెండు ముక్కలన్నది అరగంటైంది. నేను సంచి ఒళ్లో పెట్టుకొని, పొద్దు తాటిచెట్ల మీదికి దిగడం చూస్తూ కూర్చున్నాను. ఇక ఆగలేక లేచి ఆయన దగ్గరికి పోయి మెల్లగానే అన్నాను.

"పొద్దు గూకుతంది. ఇగ సాలు, నడువు."

మైకు నా మాటను కూడా పట్టుకుంటుందని నాకేం తెలుసు. ఊరంతా విన్నది. "మనల్ని ఎవడన్న ఇటు రమ్మంటె" అని ఏదో చెప్పబోతున్న మా ఆయన, ఆ మాట అక్కడే వదిలి, మైకు పక్కవాని చేతిలో పెట్టి, నా వెనకనే వచ్చి బండి కిక్కు కొట్టాడు.

 ముందు వరుసలోని ముసలాయన, "ఎడ్లబండి జరుపుండ్రిరా. అన్నకు పైనుంచి ఆర్డరచ్చింది" అన్నాడు. ఇక నవ్వులే నవ్వులు.

"నిజం చెప్పక్కా, ఏడికి?" అన్నాడు బండి జరిపే పిల్లగాడు.

"కోరుట్ల, తమ్మీ. బతుకమ్మకు."

"గదేదో ముందే చెప్పద్దానే అన్నా? గింతసేపు నీ ఉపన్యాసం మాకెందుకు?"

మేము చేరేసరికి వాకిట్లో ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుంటున్నారు. అమ్మ నాకోసం పేర్చిన తంగేడు పూల బతుకమ్మ ఇంకా కిందనే ఉంది.

"గింత ఆలస్యమేంది బిడ్డా?" అన్నది అమ్మ.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "జనం ఇడిస్తె గద అత్తమ్మా. ఇంకింత మాట్లాడు, ఇంకింత మాట్లాడు అని ఒక్కటే పట్టు."

అమ్మ అల్లుని వైపు గొప్పగా చూసింది. ఆ గొప్పతనం నేను చెడగొట్టలేదు. బతుకమ్మను ఎత్తుకొని మందిలో కలిసిపోయాను.