జడ గుంజింది ఎవరు

నా బిడ్డ మీద ఒట్టు... వద్దు, బిడ్డ మీద పెట్ట. నా రెండు కండ్ల మీద ఒట్టు. ఒక్క ముక్క గూడ కల్పించి చెప్తలేను. నవ్వెటోళ్ళు ఉంటే ఇప్పుడే లేచి అవతలికి పోండ్రి. చేతుల నిండ మైదాకు పెట్టుకున్నరు, ఎటు పోతరు గానీ... ఊకనే అన్న. వినుండ్రి. కానీ ఈ ముచ్చట ఈ డాబా దిగొద్దు. మా ఆయన కిందనే ఉన్నడు, పెండ్లి వంటోళ్ళకు గంజులు దించిస్తున్నడు. ఆయన చెవుల పడొద్దు.

మా తమ్ముడు నరేశ్ ను మీరందరు ఎరుగుదురు. జహీరాబాద్ ల సెల్లు రిపేరు దుకాణంల కూసుండెటోడు. మా ఇంట్లనే ఉండె. బావ అంటే పానం వానికి. ఆయనకు గూడ అంతే, సొంత తమ్మునోలె సూసుకున్నడు. నిరుడు చలికాలం వాడు పోయినప్పుడు మీరు గూడ వచ్చిన్రు కదా.

వానికి నాకు చిన్నప్పటి సంది ఒకటే పిచ్చి. హత్యల సినిమాలు. ఎవడు సంపిండు, ఎందుకు సంపిండు... అవే. ఝరాసంగం దగ్గర మా ఊర్ల ఒకటే టీవీ, దాని ముంగట ఇల్లంత కూసుంటుండె. సినిమా సగం గూడ కాకముందే వీడు ఎగిరి దుంకుడు, "అక్కా, గీడే! గీడే సంపిండు!" అని. అందరు తిట్టుడు. ఒకనాడు మా బాపుకు కోపం వచ్చింది. "అరేయ్, నీకు తెలిస్తే నీ కడుపుల పెట్టుకో. ఇంకోపారి నోరు తెరిస్తే టీవీ ముంగట కూసోనియ్య" అన్నడు. బాపు మాటంటే మాటే.

మరి కడుపుల పెట్టుకుంటడా వాడు? నేను కింద చాప మీద కూసుంటుంటి, మంచానికి ఈపు ఆనించి. వాడు మంచం మీద, నా ఎనుక. హంతకుడు ఎవడో వానికి తెల్వంగనే... వాడు తెర మీదికి రాంగనే... నా జడ పట్టి గుంజెటోడు. మెల్లగ. ఒక్కటే గుంజుడు. జడ కొసకున్న రబ్బరు వాని చేతికే వస్తుండె. నేను మొఖం తిప్పకుండ తల ఊపుదును. అయిపాయె. సినిమా అయినంక సూస్తే వాడే. నా పెండ్లయినంక గూడ గిదే. నా బిడ్డ పింకి పుట్టినంక గూడ గిదే. ఇంత పెద్ద దాన్ని అయినంక గూడ జడ గుంజుతవేందిరా అంటే, "బాపు నోరు తెరవొద్దన్నడు గానీ చెయ్యి ఆడియ్యొద్దన్నడా?" అంటుండె.

ఎట్ల తెలుస్తదిరా నీకు అని ఎన్నిమార్లు అడిగిన్నో. ఒకపారి చెప్పిండు. "అక్కా, సావింట్ల ఏడ్సెటోళ్ళ దిక్కు సూడకు. బిందె పట్టుకొని అందరికి నీళ్ళు పోస్తుంటడు సూడు, పనులన్ని మీదేసుకొని... వాన్ని సూడు." నేను నవ్విన. నీ మొఖం, నీళ్ళు పోసినోళ్ళంత హంతకులేనా అన్న.

తప్పలేదా అంటే, తప్పిండు. ఒక్కటే పారి. ఒక సినిమాల తోట పని చేసే ముసలాయన రాంగనే జడ గుంజిండు. ఆఖరికి ఆ ముసలాయన పాపం ఏం ఎరుగడు. ఆ రాత్రి వీడు అన్నం తినలే, మొఖం మాడ్సుకొని కూసున్నడు. బావ బతిలాడి తినిపించిండు. ఆ ఒక్కపారి ముచ్చట యాది పెట్టుకోండ్రి. నేను రోజు దాన్నే పట్టుకొని బతుకుతున్న.

వాడు ఎట్ల పోయిండో తెల్సు కదా. అమ్మకు మందులిచ్చొస్త అని రాత్రి ఊరికి పోయిండు బండి మీద. తెల్లారి ఊరి మలుపు కాడ కాలువల దొరికిండు. ఏదో బండి గుద్ది పోయిందన్నరు. ఏ బండో తెల్వదు. చెరుకు ట్రాక్టర్లు, లారీలు, రాత్రంత ఎన్ని పోతయి ఆ తొవ్వల. పోలీసోళ్ళు నాల్గు రోజులు తిరిగిన్రు, ఊకున్నరు. దవాఖాన కాడికి ఉరికింది మా ఆయన. పీనుగను తెచ్చింది మా ఆయన. టెంటు ఏపించుడు, కుర్సీలు, వచ్చినోళ్ళకు చాయ్... నీళ్ళు... అన్ని ఆయనే. నేను ఏడ్సుకుంట మూలకు పడి ఉన్న. అప్పుడు నాకు ఏం యాదికి రాలే. సత్యంగ చెప్తున్న, ఏం రాలే.

ఇగ ఆ రాత్రి ముచ్చట.

రాఖీ పున్నమి. పొద్దంత మా గల్లీల అక్కలు చెల్లెండ్లు పళ్ళాలు పట్టుకొని పోవుడే. నేను తలుపు ఏసుకున్న. అమ్మ ఇప్పుడు మా ఇంట్లనే ఉంటుంది కదా, ఆమె ముంగట ఏడ్వొద్దని పొద్దంత బ్లౌజులకు హుక్కులు కుట్టుకుంట కూసున్న. రాత్రి అమ్మ, పింకి లోపటి అర్రల పండుకున్నరు. ఆయన అల్లం లోడు ఏసుకొని ట్రాలీ ఆటో తీస్కపోయిండు, ఇంక రాలే. వాన... ధారగ కొడుతుంది.

టీవీ పెట్టిన. ఊకనే. సినిమాలు సూసే యాప్ ల వాని పేరు ఇంక అట్లనే ఉన్నది. నొక్కిన. వాడు సగం సూసి ఇడిసిపెట్టిన సినిమా పైననే ఉన్నది, కింద ఎర్ర గీత సగం దాక వచ్చి ఆగింది. మిగిలింది ఎవరు సూడాలె?

నేనే సూస్త అనుకున్న. ఎప్పటిలెక్క కింద చాప మీద కూసున్న, వాని నవారు మంచానికి ఈపు ఆనించి. జడ ఎనుకకు ఏసుకున్న. మంచం మీద ఎవ్వరు లేరు. దుప్పటి సాపుగ పరిచి ఉన్నది... పొద్దున నేనే పరిచిన.

సినిమాల ఒక పెద్ద బంగ్లా. ముసలి దొరను ఎవరో సంపిన్రు. కోడలు ఉంది, డాక్టరు ఉన్నడు, డ్రైవరు, వంటామె... ఒక్కొక్కరు వస్తున్నరు, పోతున్నరు. నేను కోడలే అనుకున్న. కాసేపటికి కాదు డాక్టరు అనుకున్న. నాకు ఎప్పుడు తెలిసిందని? నా ఎనుక వాడుంటే కదా తెలిసేది. ఉండబట్టలేక పైకే అన్న... "అరేయ్ నరేశ్, ఎవర్రా వీండ్లల్ల? జర చెప్పరాదురా."

ఏం లేదు. వాన సప్పుడే.

డాక్టరు వచ్చిండు... ఏం లేదు. డ్రైవరు వచ్చిండు... ఏం లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పిచ్చిదాన్ని, సచ్చిపోయినోన్ని పిలుస్తున్న అనుకున్న.

అప్పుడు బయట ఆటో సప్పుడయింది. కిటికీల నుంచి లైటు గోడ మీద పడ్డది. మా ఆటో లైట్లు ఒకటి పసుపు రంగు, ఒకటి తెల్లగ. రెండు గోడ మీద జరుగుకుంట వచ్చి... ఆగి... పోయినయి. తలుపు తీసుకొని ఆయన వచ్చిండు. మొత్తం తడిసిండు. తువ్వాలతోని తల తుడ్సుకుండు. నన్ను సూసిండు, టీవీని సూసిండు. సక్కగ వంటింట్లకు పోయిండు. బిందెల చెంబు ముంచిన సప్పుడు ఇనపడ్డది నాకు... బుడుంగుమని. చెంబు పట్టుకొని వచ్చి నా ముంగట నిలబడ్డడు. టీవీకి అడ్డం. ఎనుక టీవీ ఎలుగు, ఆయన మొఖం కానొస్తలేదు. "పొద్దంత ఏం తినలేదంట కదనే, అమ్మ చెప్పింది. ఇగో... నీళ్ళన్న తాగు" అన్నడు.

నేను చెయ్యి సాపిన.

జడ... గుంజినట్టయింది.

మెల్లగ. ఒక్కటే గుంజుడు.

నా తల జర ఎనుకకు పోయింది... అంత స్పష్టంగ. మెడ కాడ కెళ్ళి నడుము దాక చల్లగయింది. తల తిప్పలే. చిన్నప్పటి అలవాటు కదా, తిప్పొద్దు... తల ఊపాలె. ఊపబోయి ఆపుకున్న. ఊపితే ఏమైతది? ఒప్పుకున్నట్టే కదా!

"ఏమైందే? గట్లున్నవేంది?" అన్నడు ఆయన.

"ఏం లే. జడ... మంచానికి తట్టుకున్నది" అన్న.

చెంబెడు నీళ్ళు తనే గటగట తాగిండు. టీవీ దిక్కు తిరిగి, "ఇది నరేశ్ సూస్తుండె కదా... ఎవరంట సంపింది?" అన్నడు.

"తెల్వది" అన్న.

"ఇగ బంద్ చెయ్. పండుకో." తనే బంద్ చేసిండు.

ఆయన లోపటికి పోయినంక తిరిగి సూసిన. మంచం మీద ఎవ్వరు లేరు. కానీ దుప్పటి నడుమ నా జడ రబ్బరు పడి ఉన్నది. నల్లది. అంచు మీద కాదు... నడుమ. నవారు పట్టీకి తట్టుకొని ఊడి ఎగిరి పడ్డదేమో. పడొచ్చు కదా? మీరే చెప్పండ్రి. వదులు రబ్బరే అది.

ఆ రాత్రి నిద్ర రాలే. పక్కన ఆయన గుర్రు కొడుతున్నడు. నా కండ్లల్ల ఆ రెండు లైట్లు. ఒకటి పసుపు, ఒకటి తెలుపు. తెల్లది కొత్తది. లారీ టైరు కింది రాయి తగిలి లైటు అద్దం పగిలిందని చెప్పి మార్పించిండు. ఎప్పుడు మార్పించిండు? నరేశ్ పోకముందా... పోయినంకనా? ఎంత సోంచాయించినా యాదికి వస్తలేదు. ముందే అనిపిస్తది. పొద్దుగాల లేస్తే తర్వాతనే అనిపిస్తది. మెకానిక్కు దుకాణం మా గల్లీ మలుపులనే ఉన్నది. ఒకనాడు పోయిన. ఏం కావాలె అక్కా అని అడిగిండు. పింకి సైకిలుకు గాలి కొట్టు అన్న. గాలి కొట్టించుకొని ఇంటికొచ్చిన.

ఏమని అడగాలె? అడిగితే అవునంటే? మా అమ్మ ఒక కొడుకును పోగొట్టుకున్నది. ఇప్పుడు ఈయన కలిపిచ్చిన ముద్దే తింటుంది, నేనిస్తే తినదు. పింకికి నాయిన లేంది నిద్ర రాదు. రాత్రిల్లు ఒక్కొక్కపారి లేచి పోయి ఆటోల ఒక్కడే కూసుంటడు ఆయన, లైటు ఎయ్యకుండ. బామ్మర్ది యాదికొచ్చి ఏడుస్తుండేమో. ఇంక వేరే ఏమన్ననో... నాకేం తెలుస్తది? నాకు ఎప్పుడు తెలిసింది గనుక?

తమ్ముడు ఒకపారి తప్పిండు కదా. ఇది రెండోపారి కావొచ్చు. దేవుడా, తప్పే కావాలె అని రోజు మొక్కుతున్న. తప్పైతే, ఏ తప్పు ఎరుగనోని పక్కన ఒణుక్కుంట పండుకుంటున్న. నిజమైతే... వద్దు, నాతోని కాదు.

జడ ఎందుకు ఏసుకుంటలేవని అడిగిన్రు కదా పొద్దున, పెండ్లింట్ల గూడ కొప్పేందని? ఇగో, గిందుకే. జడ ఏసుకుంటే మల్ల గుంజుతడేమోనని భయం. ఇగ ఎన్నడు గుంజడేమోనని గూడ ఏడుపు. ఆయన గూడ అడిగిండు, జడనే మంచిగుంటది కదనే అని. ఉడుకపోస్తుంది అన్న. ఈ చలికాలంల గూడ అదే చెప్తున్న.

అగో... మెట్ల మీద అడుగుల సప్పుడు. ఊకోండ్రి. ఆయనే. బిందె తెస్తున్నడు, మీకందరికి దూపయితుందని... ఎవ్వరు చెప్పకుండనే. మైదాకు చేతులతోని గ్లాసు ఎట్ల పట్టుకుంటరే? జర తల ఎత్తి నోరు తెరువుండ్రి. ఆయనే పోస్తడు.