మూడో సూదికి రాని వాళ్ళు

మూడు సోమవారాలు వరసగా జాబితా ఖాళీగా వచ్చింది. నేను సంతోషించాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. హోసూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నాది కంప్యూటరు పని. ఆరు నెలలు డేటాబేసు కోర్సు చేసి, సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగిన దాన్ని. నాకు రానిది లేదనుకునే వయసు. ఎవరైనా తప్పు చూపిస్తే ముక్కు మీద కోపం.

మా ఆసుపత్రికి కుక్కకాటు కేసులు ఎక్కువగా వచ్చేవి. బాగలూరు వైపు నుంచీ, జవళగిరి అడవి అంచు ఊళ్ళ నుంచీ వచ్చేవాళ్ళు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయంతో అప్పటికింకా నాటుమందుకు పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. మా దగ్గర చేతికి అయిదు సూదులే. కరిచిన రోజు ఒకటి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చిక్కేమిటంటే రెండు సూదులు పడేసరికి పుండు మానుతుంది, కూలి పోతుందని మనిషి రాడు. జబ్బు ఒకసారి బయటపడితే ఇక మందు లేదు. అందుకని మూడో సూదికి రాని వాళ్ళెవరో వారం వారం తీసి ఇవ్వమని డాక్టరుగారు నాకు పని అప్పగించారు.

నేను రెండు పట్టికలు కట్టాను. మొదటిదాంట్లో కార్డులు: మనిషి పేరు, ఊరు, కార్డు నెంబరు. రెండోదాంట్లో సూదులు: ఏ నెంబరు కార్డుకు ఎన్నో సూది, ఏ రోజు వేశారు. సోమవారం పొద్దున్నే కంప్యూటరును ఒక ప్రశ్న అడిగేదాన్ని. గడువు దాటిన కార్డుల్లో, మూడో సూది వేసుకున్న వాళ్ళ నెంబర్లలో లేనివి ఏవి? నలుగురో అయిదుగురో వచ్చేవాళ్ళు. మా అటెండరు ఆ కాగితం జేబులో పెట్టుకుని మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి వాళ్ళను పిలుచుకొచ్చేవాడు. ఆ గర్వంలో, కార్డు రాయించుకునే ప్రతివాళ్ళకూ చెప్పేదాన్ని, తేదీలు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు, రాకపోతే మేమే పిలిపిస్తామని.

కొన్ని నెలలకు సూదుల గది సిస్టరుకూ నాకూ గొడవైంది. జవళగిరి నుంచి ఒక ముసలాయన మూడో సూదికి వచ్చాడు. కార్డు బస్సులో పోగొట్టుకున్నాడు. నెంబరు లేనిదే నా స్క్రీను ఒప్పుకోదు, పేరుతో వెతికే వీలు అందులో నేను పెట్టలేదు. వెనకాల వరస పెరిగిపోతోంది, ముసలాయన నిలబడలేక నేల మీద కూర్చున్నాడు. సిస్టరు అందరి ముందూ తమిళంలో నన్ను కడిగేసింది. సూది కావాల్సింది మనిషికా, నీ కంప్యూటరుకా అంది. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే కూర్చుని, నెంబరు గడి ఖాళీగా వదిలినా పరవాలేదని మార్చేశాను. రెండు నిమిషాల పని. ముసలాయన సూది వేయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సోమవారం నుంచి జాబితాలో ఒక్కరూ లేరు. జనానికి బుద్ధి వచ్చిందని నేనే అందరికీ చెప్పాను. డాక్టరుగారు మెచ్చుకున్నారు. అటెండరుకు తిరుగుడు తప్పింది, నాకు టీ కూడా తెచ్చిచ్చాడు.

మూడో ఖాళీ సోమవారం సాయంత్రమే బస్టాండులో ఒకామె నన్ను చూసి నవ్వింది. ఎడమ చేతికి కాటు మచ్చ. బాగలూరు దగ్గర గులాబీ తోటలో పూలు కోసే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. కార్డు రాసింది నేనే కనుక గుర్తుంది. నోట్లోంచి నురగ కారుతున్న కుక్క, ఊళ్ళోవాళ్ళు దాన్ని కొట్టి చంపారు, ఆమె చేతిలో పన్ను లోతుగా దిగింది. సూదులన్నీ అయిపోయాయా అక్కా అని ఊరికే మాటవరసకు అడిగాను.

"రెండు వేసుకొన్నాను గదమ్మా. రాకుంటే మేమే పిలిపిస్తామంటిరి. పిలవలేదు. ఇంక అక్కర్లేదేమో అనుకొంటిని."

ఆమె మూడో సూది గడువు దాటి రెండు వారాలు దాటింది. అంటే మూడుసార్లు నా కాగితంలో రావలసిన మనిషి. చేయి పట్టుకుని అక్కడికక్కడే ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఆమె సూదుల గదిలో ఉండగా నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను.

పట్టికను పై నుంచి కింద దాకా కళ్ళతో చూస్తే గానీ తెలియలేదు. ఆ ముసలాయన వరసలో నెంబరు గడి ఖాళీ. ఖాళీ అంటే నెంబరు లేదని కంప్యూటరు అనుకోదు, నెంబరు ఏదో తెలియదనుకుంటుంది. ఈ కార్డు ఆ నెంబర్లలో లేదు కదా అని అడిగితే, ఆ తెలియని నెంబరు ఇదే కావచ్చు, నేను చెప్పలేను అంటుంది. చెప్పలేని వాళ్ళను జాబితాలో వేయదు. ఒక్క కార్డు గురించి కాదు, ప్రతి కార్డు గురించీ అదే జవాబు. తప్పు జరిగిందని ఒక్క ముక్క చెప్పకుండా ఖాళీ కాగితం చేతిలో పెడుతుంది. కోర్సులో ఇది చెప్పిన రోజు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని ఉంటాను.

ఖాళీ గడులను పక్కనపెట్టి మళ్ళీ అడిగితే తొమ్మిది మంది వచ్చారు. రెండు రోజుల్లో అటెండరు అందరినీ పట్టుకున్నాడు. కొందరు కృష్ణగిరిలో వేయించుకున్నారు, మిగిలిన వాళ్ళవి పైపై గీతలు. లోతైన కాటు ఆమెదొక్కటే. కార్డు పోయిన వాళ్ళకు అక్కడికక్కడే కొత్త నెంబరు ఇచ్చేలా చేసి, గడి ఖాళీగా వదలడం మళ్ళీ కుదరకుండా చేశాను. డాక్టరుగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన తిడతారని పోతే తిట్టలేదు. అందుకు నాకు ఇంకా భయమేసింది. సూదులు మళ్ళీ మొదటి నుంచి వేద్దామన్నారు. జబ్బు రావాలనుకుంటే నెలలు పోయాక కూడా వస్తుంది, కాచుకోవాల్సిందే అన్నారు. ముందుగా ఏం కనిపిస్తుందని అడిగాను. గొంతు పట్టేస్తుంది, నీళ్ళు మింగలేరు, నీళ్ళు చూస్తేనే వణుకుతారు అన్నారు.

ఇక నాకు ఆదివారాలు లేకుండా పోయాయి. బాగలూరు బస్సెక్కి ఆమె ఇంటికి పోయేదాన్ని. మొదటిసారి కార్డులో ఊరు సరిచూసుకోవాలన్నాను. రెండోసారి పూజకు పూలు కావాలన్నాను. తర్వాత ఈ దారిన పోతున్నానన్నాను, ఆ దారిన పోతే ఇంకే ఊరొస్తుందో ఆమె అడగలేదు. కూర్చోగానే దాహమేస్తోందనేదాన్ని. చెంబుతో ఇచ్చేది. నువ్వూ తాగక్కా, ఎండలో నుంచి వచ్చావు కదా అనేదాన్ని. ఆమె గొంతు కదిలి నీళ్ళు దిగేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఒకసారి పొలమారి దగ్గింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ వారం ఇంట్లో తిండి సయించలేదు, ఎందుకని అమ్మ అడిగితే కసిరాను. తప్పు నాదేనని ఆమెకు చెప్పాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. చెప్పకుండానే తిరుగు బస్సెక్కేదాన్ని.

అయిదు సూదులూ పూర్తయ్యాయి. ఇంకో మూడు నెలలూ గడిచాయి. ఒక ఆదివారం నేను దాహమనక ముందే ఆమె లోపలికి పోయి బిందె దగ్గర చెంబు ముంచుకొచ్చింది. నాకివ్వలేదు. నా ఎదురుగా నిలబడి, తల పైకెత్తి, చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసింది. గడ్డం మీద నుంచి కారి రవిక తడిసింది. ఖాళీ చెంబు బోర్లించి చూపించింది.

"ఇది చూసేదానికే గదమ్మా వస్తా ఉండావు," అంది.

తల దించుకున్నాను. ఎప్పటి నుంచి తెలుసక్కా అన్నాను.

"మొదటి దినము నుంచి తెలుసు. నీకు ఆదివారమే గదా భయం. నేను దినమూ పొద్దున లేస్తానే ఒక గుక్క తాగి చూసుకొంటా ఉండాను."