కొసరు వెయ్యని కొట్టు

కిసుము ఊళ్ళో, కిబుయే సంతలో అపొండి అక్క దగ్గర ఒమెనా కొన్నవాళ్ళెవరూ కొలత తక్కువైందని అనలేదు. ఎండబెట్టిన ఆ చిట్టిచేపల్ని డబ్బా మీద కుప్ప నిలిచేదాకా పోసి, సంచిలో ఒంపి, ఆ పైన గుప్పెడు కొసరు విసిరేది. ఐదు షిల్లింగులకు అడిగినా కాగితంలో చుట్టి ఇచ్చేది. ఆమె పక్కనే నా కొట్టు. ఫోన్లలో డబ్బు వేయడం, తీయడం నా పని. పదకొండేళ్ళు కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

అక్క భర్త ఒడేరా సరస్సు మీద చేపలు పట్టేవాడు. మూత్రపిండాలు చెడి మంచం పట్టాక, పొద్దుపోక ఫోన్లో పొలం ఆట మొదలుపెట్టాడు. అక్క చేతా ఆడించాడు. ఇద్దరివీ పక్కపక్క పొలాలు. ఆమె సంతలో ఉంటే అతను మంచం మీంచే ఆమె మొక్కలకు నీళ్ళు పెట్టి, తన గట్టు మీది పలకపై ఓ మాట రాసేవాడు. అక్క పుట్టిల్లు సేమే. “సేమే ఆడపడుచా, తిన్నావా?” చివరగా రాసిందీ అదే. మర్నాడు పోయాడు.

ఆ పలక ఒకసారి చూసుకోనిదే అక్క గోనెపట్టా పరిచేది కాదు.

ఆరు నెలలకు ఆటవాళ్ళ నోటీసు వచ్చింది. యజమాని రావడం లేదు కనుక ఆదివారం సాయంత్రం ఆ పొలం తీసేస్తాం, ఉంచాలంటే పక్క పొలంవాళ్ళు నలభై ఐదు నీలంరాళ్ళు కట్టాలి అని. ఆ రాళ్ళు అసలు డబ్బు పెట్టి కొనాలి. అమ్మేది మాత్రం నలభై రాళ్ళ కట్ట, రెండు వందల షిల్లింగులు. అంతకన్నా చిన్నది లేదు. నలభై ఐదు కట్టమని, నలభైల లెక్కన అమ్మేవాణ్ణి ఏమనాలి? తెలియక చేశాడా? ఒళ్ళు మండిపోదూ!

మర్నాటి సరుకు కోసం దాచిన డబ్బుతో అక్క నా చేత ఒక కట్ట కొనిపించింది.

“మిగతా ఐదు ఏవే చెల్లీ?”

“విడిగా అమ్మరక్కా. ఇంకో కట్ట కొనాల్సిందే.”

“మిగిలిన ముప్ఫై ఐదూ ఏం చేసుకోను, పులుసు పెట్టుకోనా? కొసరు అడుగు.”

నవ్వకండి. ఈ సంతలో పెరిగినదాన్ని, నాకూ అది సబబుగానే తోచింది. ఆటలో ఫిర్యాదులు రాసే చోట, ఆమె చెబుతుంటే రాశాను: “నలభై కొన్నాను. ఐదు కొసరు వెయ్యండి. అది మా ఆయన పొలం.”

క్షణంలో జవాబు వచ్చింది. “ప్రియమైన రైతుగారూ! ఈరోజు ప్రత్యేకం! నలభై రాళ్ళు రెండు వందలకే!”

“మొహమైనా లేదు సచ్చినోడికి! ఎవణ్ణి పట్టుకుని అడగను?” అని అక్క అరిచిన అరుపుకి సంత సంతంతా తిరిగి చూసింది.

“పోనీ నేనిస్తానక్కా, ఇంకో కట్ట కొందాం.”

“వద్దు. నా సరుకు డబ్బు మింగాడు, నీదీ వాడి బొందలో పొయ్యాలా? కొన్నాను, కొసరు అడిగాను. అవతల మనిషన్నవాడుంటే ఆదివారంలోగా వేస్తాడు.”

ఎంత చెప్పినా వినలేదు. గంటకోసారి ఫోన్ తెరిచి చూసేది. ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంది. ఆరయింది. పొలం పోయి ఉత్త గడ్డి మిగిలింది. పలక లేదు. అక్క ఏడవలేదు. నాకు మాత్రం ఆ ఆటవాడి గొంతు నులమాలనిపించింది.

ఆ తర్వాత అక్క ఆట తెరవనే లేదు. తొమ్మిదో రోజున ఒకావిడకు ఒమెనా కొలుస్తుంటే ఫోన్ మోగింది. చేతులకు చేపల పొలుసులు. నన్ను చదవమంది.

“మీరు కనిపించడం లేదు! మీకోసం కానుక: ఐదు రాళ్ళు!”

మొత్తం నలభై ఐదు. అక్క ఫోన్ తీసుకుని, ఆ అంకె చూసి, గోనెపట్టా కింద పెట్టేసింది. డబ్బా ఒంపింది. గుప్పెడు కొసరు వేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వేసింది.

“చాలమ్మా, చాలు, సంచి పట్టదు,” అంది ఆవిడ.

“తీసుకోవమ్మా,” అంది అక్క. “నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే తీసుకో.”