పట్టా కింద నుంచి చూసిన హాకీ

వెంకాయమ్మంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే మధ్యలో మీరే కనిపెట్టి నన్ను చులకన చేస్తారు. ఆమెకు అరవై దాటాయి. పిడుగురాళ్ళలో మా హాకీ గ్రౌండ్ గోడ పక్కన ఇడ్లీలు, పునుగులు అమ్ముతుంది. జన్మలో స్టిక్ పట్టుకోలేదు. జట్టుకి ఎంతమంది ఆడతారో కూడా ఆమెకు సరిగ్గా తెలుసని నేననుకోను. అయినా మా అమ్మాయిల్లో ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చాల్సి వస్తే కోచ్ అర్చన మేడం ముందు ఆమె వైపు చూసి, ఆ తర్వాతే నా వైపు చూస్తుంది.

నేను ఆడినదాన్ని. నా పేరు ఇష్రత్. మూడేళ్ళు ఈ జట్టుకి సెంటర్ హాఫ్‌ని, అంటే మైదానం నడిమధ్య నిలబడి ఎదుటివాళ్ళ బంతి ఆపి మనవాళ్ళకి అందించేదాన్ని. ఇప్పుడు బస్టాండ్ వెనక సందులో టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. జట్టు బట్టలన్నీ నేనే కుడతాను. సాయంత్రం అయిదింటికి షాపుకి తాళం వేసి గ్రౌండ్‌కి పోకపోతే నాకు అన్నం సయించదు. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు, అంటే అననీ.

వెంకాయమ్మది బొల్లాపల్లి దగ్గర పల్లె. వానల్లేక ఉన్న రెండెకరాలు బీడు పడితే, ఆమె మొగుడు ఇక్కడ సున్నం బట్టీలో పనికి కుదిరాడు. ఆమె గ్రౌండ్ చివర, గోల్ పోస్టుకి వెనకగా కాస్త పక్కన, నేల మీద పొయ్యి పెట్టుకుంది. లారీలు పోతుంటే లేచే తెల్లదుమ్ము పిండిలో పడకుండా చుట్టూ టార్పాలిన్ పట్టా కట్టింది. పట్టాని బాగా కిందికి దించి కట్టడంతో, పీట మీద కూచున్న ఆమెకు ఆడేవాళ్ళ మోకాళ్ళ కింది భాగమే కనపడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చూసిన హాకీ అంతా కాళ్ళూ, బంతీ.

అదైనా సరదాకి చూసింది కాదు. ఆమె ముందు బాండలిలో నూనె మరుగుతూ ఉంటుంది. గోల్ తప్పిన బంతి వచ్చి అందులో పడితే ఆమె మొహం కాలిపోతుంది. అందుకని కొట్టే పిల్ల కాళ్ళు చూసి, బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టి, బాండలి మీద మూత పెట్టడం అలవాటు చేసుకుంది. వెంకాయమ్మ మూత పెట్టిందంటే బంతి బయటికి పోతుంది, పెట్టలేదంటే గోల్‌లోకి వస్తుంది. ఈ సంగతి మొదట గోల్‌కీపర్లు కనిపెట్టారు, తర్వాత అందరికీ పాకింది. ఆమె ఎప్పుడు తప్పుతుందా అని నేనొక సాయంత్రం పనిగట్టుకుని కూచుని చూశాను. పద్నాలుగు బంతుల్లో ఒక్కటి తప్పింది. ఆ ఒక్కదాని గురించి నెల రోజులు అందరికీ చెప్పాను.

పోయినేడాదితో మా జట్టు ఖాళీ అయింది. ఇద్దరికి కానిస్టేబుల్ ఉద్యోగాలొచ్చాయి. ఒకామెకు దాచేపల్లి సంబంధం కుదిరింది. కెప్టెన్ నర్సింగ్‌లో చేరి విజయవాడ వెళ్ళిపోయింది. గోల్‌కీపర్‌కి మోకాలు పోయింది. మిగిలినవాళ్ళలో మ్యాచ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు నలుగురు. కొత్తగా వచ్చిన పదిమందిలో ముగ్గురు ఇంకా స్టిక్‌ని చీపురు పట్టినట్టే పట్టుకుంటారు. కొత్త గోల్‌కీపర్ జీనత్‌కి ధైర్యముంది గాని ఎడమవైపు వంగడానికి ఆలస్యం చేస్తుంది. వెనక ఆడే ఇద్దరూ బంతిని బలంగా కొడతారు, ఎవరికి కొడుతున్నారో మాత్రం చూడరు. ఈ ఏడాది కప్పు మనదేనని ఎవరన్నా అంటే వాళ్ళకి హాకీ తెలియదని అర్థం. రెండేళ్ళు ఓడాలి. ఓడుతూనే నడుమ ఒక మంచి సెంటర్ హాఫ్‌ని తయారు చేసుకుంటే మూడో ఏడు మాది జట్టనిపించుకుంటుంది. ఈ మాట నేను అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. వారం తర్వాత వెంకాయమ్మ అంటే అందరూ తలూపారు.

ఆ సెంటర్ హాఫ్ చోటుకి ఇద్దరు పోటీ. ఒకతె మా అన్న కూతురు ఫరా, మేనత్తనని నన్ను ఫుప్పూ అంటుంది. పదకొండేళ్ళప్పటి నుంచి నా చేతి కిందే ఆట నేర్చుకుంది. అది బంతి వెంట పడిందంటే పట్టుకునేవాళ్ళు లేరు. నేను నిలబడిన చోట అది నిలబడితే చూడాలని ఆరేళ్ళుగా ఆశపడుతున్నాను. ఆశ అని మర్యాదకి అంటున్నాను. అది ఆ చోట ఆడుతుంటే చూసేవాళ్ళు దాని మేనత్త కూడా అక్కడే ఆడేదని చెప్పుకోవాలి, అదీ నాకు కావలసింది. రెండోది పున్నమ్మ. పేరు వాళ్ళ నాయనమ్మది, వయసు పదిహేడే. తల్లీతండ్రీ క్వారీలో పనిచేస్తారు. పరుగు నెమ్మది, స్టిక్ పట్టు మోటు. మా ఫరా పక్కన ఆ పిల్లను నిలబెట్టి చూడటమే నాకు చిన్నతనంగా ఉండేది.

నా ఆట గురించి కూడా ఊళ్ళో ఒక కథ ఉంది. ఎక్కువసార్లు చెప్పింది నేనే. ఇరవై ఏళ్ళ కిందట ఇదే గ్రౌండ్‌లో ఫైనల్. చెరొక గోల్‌తో సమానంగా ఉన్నాం. ఇంకో రెండు నిమిషాలుందనగా వాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఎదుటివాళ్ళ షాట్‌కి ముందు మనవాళ్ళు అయిదుగురు గోల్ గీత వెనక నిలబడతారు. బంతి కదలగానే అందులో ఒకరు కొట్టబోయే మనిషికి ఎదురుగా తిన్నగా పరిగెత్తాలి. దెబ్బ తగిలినా సరే, దారికి అడ్డం పోవాలి. ఆ పని నాది. నేను పరిగెత్తాను, వాళ్ళు కొట్టారు, బంతి మా గోల్‌కీపర్ అబిదా ప్యాడ్‌కి తగిలి లోపలికి పోయింది. గెలిచుంటే నేను రాష్ట్ర జట్టుకి పోయేదాన్ని. అబిదా ఆ తర్వాత గ్రౌండ్ మొహం చూడలేదు. అందరూ నమ్మిన కథ ఇది.

జిల్లాల టోర్నమెంటు మా గ్రౌండ్‌లోనే మొదలవబోతోంది, ఇంక వారమే ఉంది. ఆ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అర్చన మేడం నన్నూ వెంకాయమ్మనూ అడిగింది, సెంటర్ హాఫ్‌కి ఎవరిని పెడదామని. నేను నోరు తెరిచేలోపే వెంకాయమ్మ గరిటె తుడుస్తూ చెప్పేసింది.

"నడిమిన పున్నమ్మని పెట్టమ్మా. ఫరాని ముందుకి పంపు. ఆ పిల్ల కాళ్ళు బంతి ఎనకాల బాగా పోతై, బంతి ఎదురొస్తే పోవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. స్టిక్ పట్టడం రాని మనిషి నా మేనకోడలి ఆట గురించి మాట్లాడటమేమిటని అడిగాను. పునుగులు వేసుకోవడం వేరు, ఆట వేరన్నాను. ఆడినదాన్ని నేనుండగా అర్చన ఆమెనెందుకు అడుగుతోందన్నాను. పిల్లలంతా వింటున్నారు. ఫరా మొహం పాలిపోయింది, పున్నమ్మ తల వంచుకుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. వెంకాయమ్మ నా వైపు చూడకుండా మిగిలిన పునుగులు పొట్లం కడుతుండటంతో నాకింకా మండింది. చివరికి అర్చన రేపు చూద్దామని లేచింది.

మర్నాడు పొద్దున్నే వెంకాయమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అడిగి నోరు మూయించాలని పోయాను, దాచేదేముంది. ఇడ్లీ పాత్ర మీద ఆవిరి వస్తోంది, గిరాకీ ఇంకా మొదలవలేదు. అన్నీ చూశానంటావు గదా, నేను ఆడినప్పుడు కూడా ఇక్కడే ఉన్నావు గదా, నా ఆట ఎట్టా ఉండేదో చెప్పమన్నాను. ఆమెకు గుర్తుండదని నా ధీమా.

ఆమె ఎందుకులే అంది. నేను వదల్లేదు. ఇప్పుడెందుకమ్మాయ్ అంది. చేతకాక తప్పించుకుంటున్నావన్నాను. అప్పుడు ఆమె చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది.

"బాగా ఆడేదానివి. అందరికన్నా బాగా ఆడేదానివి. కానీ ఆ ఫైనల్ రోజు గీత మీంచి బయల్దేరి రెండడుగులు తిన్నగా ఏశావు, మూడోది పక్కకేశావు. నువ్వు ఇడిచిన సందులోంచే బంతి వచ్చింది. ఎనక నిలబడ్డ ఆ పిల్లకి అది కనపడనే లేదు, ప్యాడ్‌కి తగిలితే గదా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె చెప్పింది అబద్ధమని అరవాలనిపించింది గాని అది అబద్ధం కాదు. ఆ మూడో అడుగు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. కొట్టబోయే అమ్మాయి స్టిక్ పైకి లేవడం చూసి నా ఒళ్ళు దానంతటదే తప్పుకుంది. ఆ సాయంత్రం అబిదా ఏడుస్తూ వచ్చి, బంతి తనకు కనపడలేదని, నిజంగా తన ప్యాడ్‌కే తగిలిందా అని నన్ను అడిగింది. తగిలిందని చెప్పాను.

ఎవరికన్నా చెప్పావా అని అడిగాను.

"నీ పేరు ఎవరికీ చెప్పలా," అంది వెంకాయమ్మ. "పద్దెనిమిదేళ్ళ పిల్లవి. బంతంటే ఎవరికైనా భయమే. ఫరాది కూడా ఆ మూడో అడుగే, అందుకని చెప్పా. దాన్నక్కడ పెడితే రేపు నీ మాదిరే అయిద్ది."

ఆమె మీద నాకు కృతజ్ఞత కలగాలి గదా. కలగలేదు. షాపుకి పోతూ దారంతా కుళ్ళుకున్నాను. ఇన్నేళ్ళు ఎదురుగా నిలబడి ఆమెను నానా మాటలన్నాను. నన్ను ఒక్క ముక్కతో నేలకి దించగలిగి కూడా ఆమె పునుగులు తీస్తూ ఊరుకుంది. ఆమె చోట నేనుంటే మర్నాటికల్లా ఊరంతా చాటేదాన్ని. ఆమె చూపు మీద నాకు ముందు నుంచీ ఉన్న కుళ్ళు ఒకెత్తు, ఈ ఓర్పు మీద కొత్తగా పుట్టింది ఒకెత్తు.

సాయంత్రం అర్చన అడగకముందే పున్నమ్మని పెట్టమని చెప్పాను. అర్చన ఆశ్చర్యంగా చూసి పేరు రాసుకుంది. ఫరా నడుచుకుంటూ నా వెనకాలే షాపు దాకా వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. ఆరేళ్ళు నేర్పింది నువ్వే గదా ఫుప్పూ, వెంకాయమ్మ ఒక్క మాటంటే నువ్వు కూడా మారిపోయావా అంది. వెంకాయమ్మ మాట మీద నెట్టేసి ఊరుకోవడం తేలిక. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అబిదాకి చెప్పినట్టు దీనికి కూడా అబద్ధం చెబితే ఇది నా మాటే నమ్ముతుంది, అదీ నా భయం.

కూచోబెట్టి మొత్తం చెప్పాను. మూడో అడుగు నాదేనని, గోల్ అబిదాది కాదని, ముందు వరసలో ఆడితే తనకు బంతి ఎదురు రాదని, తను బంతి మీదికి పోతుందని. ఫరా కళ్ళు తుడుచుకుంది. తనకీ ఆ భయం తెలుసట, నాకు చెబితే తన వల్ల నేను సిగ్గుపడతానని చెప్పలేదట. తర్వాత ఒకటే అడిగింది.

"మరి అబిదా ఆంటీకి ఎప్పుడు చెబుతావ్?"

టోర్నమెంటులో మేము మొదటి మ్యాచే మూడు ఒకటితో ఓడిపోయాం. ఆ ఒకటి ఫరా కొట్టింది. పున్నమ్మ నాలుగు పెనాల్టీ కార్నర్లకి తిన్నగా ఎదురుపోయి పిక్క వాచిపోయేలా దెబ్బ తింది, వాళ్ళకి వాటిలో ఒక్కటి కూడా గోల్ కాలేదు. చూస్తుంటే నాకు ఆ పిల్ల మీద కూడా కుళ్ళు పుట్టింది. నా వయసులో సగం కూడా లేదు, నేను చేయలేనిది నాలుగుసార్లు చేసింది. మూడో ఏటికి ఈ జట్టు నిలబడుతుంది, ఈ మాట ఇప్పుడు నేను రాసిస్తాను.

అబిదాకి ఫోన్ చేయడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆమె ఇప్పుడు మాచర్లలో ఉంటోంది, పెద్ద కూతురు ఇంటర్ చదువుతోంది. పిల్లల చదువులు, ఎండలు, కుట్టుకూలీలు అన్నీ మాట్లాడాక విషయం చెప్పాను. ఎక్కడా సాకులు చెప్పకుండా, ఆగకుండా చెప్పాను.

అబిదా గొంతు మామూలుగానే ఉంది. "మ్యాచ్ అయినాక వెంకాయమ్మ నా చెయ్యి పట్టుకుని, నీ తప్పేం లేదమ్మాయ్, అది నీకు తగల్లేదు అని చెప్పింది ఇష్రత్. ఇడ్లీలమ్ముకునే ఆమెకు ఆట ఏం తెలుస్తదిలే అనుకున్నా. నువ్వు ఆడినదానివి గదా అని నీ మాటే నమ్మా."