బాపు పక్కన ఉపాధ్యక్షుడు

ఛత్రినాకలో మా బస్తీ బోనాల కమిటీకి అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ జోడీగా పోటీ చెయ్యాలి. గుడి ముందు ఇంటికొకరు చెయ్యెత్తుతారు. గెలిస్తే ఇద్దరూ గెలిచినట్టు, ఓడితే ఇద్దరూ ఓడినట్టు. డెబ్బైల్లో ఒక ఏడు మా బాపు అధ్యక్షుడిగా నిలబడ్డాడు. ఆయన పట్టు ఒక్కటే: అమ్మవారి ఘటం ఊరేగింపు డప్పులతోనే సాగాలి, మైకులో సినిమా పాటలు వద్దు. అంతకుముందు ఏడు మైకు హోరులో దరువు వినబడక డప్పులవాళ్లు ఊరికే నడిచారు. అది చూసి వచ్చి బాపు ఆ పూట అన్నం ముట్టలేదు.

పెద్దలంతా బాపు వైపే. పడుచువాళ్లు మాత్రం ఆయన్ని చూస్తే సందు మార్చేవాళ్లు. పోనీ జోడీగానైనా వాళ్లకు నచ్చేవాడిని చూసుకున్నాడా అంటే, బాపు అనుకున్నవాళ్లంతా ఆయన ఈడువాళ్లే. అమ్మకు ఒళ్లు మండింది.

"ఇద్దరు ముసలోల్లు నిలబడితె పోరగాల్లు చేతులు లేపుతరా? గా మైక్‌సెట్ పిలగాన్ని అడుగు."

ఆ మైక్‌సెట్ ఆయనది మా సందే. పెళ్లిళ్లలో అడిగిన పాటల్లా వేస్తాడని కుర్రకారంతా "అన్నా, అన్నా" అని అతని వెంటే తిరిగేది. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "మైకు వద్దని నిలబడి మైకోన్నే పక్కన పెట్టుకోవాల్నా?"

నాకు నవ్వాగలేదు. "ఓడిపోతె డప్పు గూడ ఉండది బాపూ" అన్నాను.

బాపు వెళ్లి అడిగితే అతను వెంటనే "సరే కాకా" అన్నాడట. కానీ అతని చుట్టూ ఉన్న పిల్లలు అడ్డం పడ్డారు: మా అన్నను నిలబెడితే ఊరేగింపులో మైకు ఉండాల్సిందే. చివరికి గుడి దాకా డప్పు, గుడి దాటాక మైకు అని తెగింది. ఇంటికొచ్చి, "గుడి దాకనన్న మోగుతది తియ్" అన్నాడు బాపు. ఆ గొంతు విని, సలహా ఇచ్చిన అమ్మనూ, వంత పాడిన నన్నూ మనసులోనే తిట్టుకున్నాను.

జోడీ సునాయాసంగా గెలిచింది. బోనాల రోజు ఘటం గుడి దాటింది. మాట ప్రకారం డప్పులు ఆగాయి. హారన్లు కట్టిన బండి మీద మైక్‌సెట్ ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు "అన్నా, పాట!" అని ఒకటే లొల్లి. ఆముదం తాగిన మొహంతో బాపే బండి దగ్గరికి వెళ్లాడు.

"మాటిచ్చిన గద. పెట్టు బిడ్డా."

అతను కదల్లేదు. "ఏడాదంత ఈ మోత నా చెవులల్లనే ఉంటది కాకా. మైకు గావాల్నని నేనెప్పుడన్న అన్ననా? నన్నెవ్వలడిగిన్రు? ఈ ఒక్క దినమన్న నన్ను డప్పు విననియ్యి."